గిట్టల కింద బండ: న్యూ హాంప్‌షైర్‌లో పోయిన 705 డాలర్లు

"చలికాలంలో ఏ అరీనా అయినా గడ్డకడుతుంది, మేమేం చేస్తాం?" న్యూ హాంప్‌షైర్‌లో గుర్రపు స్వారీ నేర్పే ఒక లాడ్జ్ వాళ్లు తమ అరీనా, అంటే స్వారీ చేసే ఇసుక ఆవరణ, గురించి అన్న ఈ ఒక్క మాటే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది. ఆ మాట అబద్ధమని మర్నాడే, అక్కడికి గంటన్నర దూరంలో, మైనస్ 12 డిగ్రీల చలిలో కళ్లారా చూశాం.

మేముండేది మసాచుసెట్స్‌లో, బోస్టన్‌కి పడమటి వైపు. ఫిబ్రవరి మూడో వారం స్కూళ్లకు సెలవులు. మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది, ఈమధ్యే క్యాంటర్, అంటే ఓ మోస్తరు దౌడు, మొదలుపెట్టింది. దాని కోసమే న్యూ హాంప్‌షైర్ కొండల్లోని ఆ రైడింగ్ లాడ్జ్ బుక్ చేశాను. మాతోపాటు మామయ్య కూడా బయల్దేరారు. కరీంనగర్ జిల్లాలో ఆర్ అండ్ బిలో 31 ఏళ్లు రోడ్లు వేయించి రిటైరైన మనిషి. డిసెంబరులో వచ్చినప్పటి నుంచి చలికి ఇంట్లోనే ఉండి విసిగిపోయారు.

దారి బాగుంది, మంచు తీసేసి ఉంది, మూడు గంటల్లో చేరాం. మధ్యలో ఫ్రాంకోనియా నాచ్ అనే కనుమ దగ్గర మాత్రం ఆగాం. అక్కడ కొండ అంచున ముసలాయన ముఖంలా ఒక బండ ఉండేది. ఆ రాష్ట్రానికి అదే గుర్తు. రాతి చీలికల్లో దిగిన నీళ్లు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, చివరికి 2003 మే 3న అది కూలిపోయింది. ఏళ్ల తరబడి ఇనుప కడ్డీలతో బిగించి కాపాడుకున్నా ఆగలేదట. మామయ్య పది నిమిషాలు ఆ ఖాళీ కొండనే చూశారు. "నీళ్లు జొచ్చినంక ఇనుము ఆపుతదా" అన్నారు.

లాడ్జ్ లెక్క ఇది: గది రాత్రికి 189 డాలర్ల చొప్పున రెండు రాత్రులకు 378, దాని మీద 8.5 శాతం పన్ను 32 డాలర్ల 13 సెంట్లు, మూడు రైడింగ్ పాఠాలకు 85 చొప్పున 255, 'ఫెసిలిటీ ఫీజు' పేరుతో ఇంకో 40. మొత్తం 705 డాలర్ల 13 సెంట్లు, అంతా ముందే కట్టాలి. గది శుభ్రంగా ఉంది, హీటర్ పనిచేసింది, వాఫుల్స్ పరవాలేదు. మామయ్య మాత్రం తెచ్చుకున్న సకినాలతో సరిపెట్టుకున్నారు.

ఉదయం తొమ్మిదికి పాఠం. బయట మైనస్ 14. ఇండోర్ అరీనా అంటే పెద్ద రేకుల షెడ్డు, పైన కప్పు, చుట్టూ గోడలు, కింద ఇసుక. వాళ్ల ప్రకటనలో 'ఏడాది పొడవునా వాడదగ్గ ఫుటింగ్' అని ఉంది. ఫుటింగ్ అంటే గుర్రం కాలు మోపే పై పొర. గుర్రం లోపలికి అడుగుపెట్టగానే టక్ టక్‌మని చప్పుడు. ఇసుక మీద నడిచే చప్పుడు కాదు, తారు రోడ్డు మీద లాడాల చప్పుడు. దగ్గరికెళ్లి చూస్తే పాత గిట్ట గుర్తులన్నీ అంచులతో సహా రాయిలా బిగిసి ఉన్నాయి. గుర్రం మూడో రౌండులోనే తూలింది. మా అమ్మాయి జీను పట్టుకుని నిలదొక్కుకుంది కానీ ముఖం తెల్లబోయింది. టీచరు ట్రాట్, అంటే మెల్లని పరుగు, కూడా వద్దంది. నడక, నడక, నడక. 25 నిమిషాలకు పాఠం అయిపోయిందన్నారు.

మామయ్య వంగి బొటనవేలితో గీకి చూశారు. గోరు కూడా దిగలేదు. "గిది ఇసుక కాదు బిడ్డా, సీసీ రోడ్డు" అన్నారు. కారణం టీచరే నోరుజారి చెప్పింది: పోయిన వారం కాస్త ఎండ కాస్తే దుమ్ము లేస్తోందని నీళ్లు చల్లారట. కడగని ఇసుక, అందులో సగం మట్టి, దాని మీద నీళ్లు, ఆపైన చలి. ఇక గట్టిపడకుండా ఏమవుతుంది? గట్టి నేల మీద గుర్రాన్ని పరుగెత్తిస్తే ఆ దెబ్బంతా గిట్టలకూ కీళ్లకూ తగులుతుంది, కాబట్టి నడిపించడమే సరి. అది తెలిసి కూడా మా దగ్గర ముందే పూర్తి డబ్బు ఎలా తీసుకున్నారన్నదే నా కోపం. కౌంటర్లో అడిగితే, వాతావరణం వల్ల పాఠం మారితే డబ్బు వెనక్కి రాదని కాగితం చూపించారు. పైగా మొదట రాసిన ఆ మాట. మా ఆవిడ గొడవెందుకంటూ నా చెయ్యి పట్టుకుంది. అమ్మాయి ఆ రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే.

రెండో రాత్రి గది వదిలేసి, ఫోన్లు చేసి, వెర్మాంట్‌లో ఒక చిన్న గుర్రాల ఫారం పట్టుకున్నాం. గంటకు 70 డాలర్లు, పాఠం అయ్యాకే డబ్బు. దగ్గర్లో మోటెల్ పన్నుతో కలిపి 129 డాలర్ల 71 సెంట్లు.

అక్కడా అదే చలి, అదే రాతి నేల. కానీ గుర్రం అడుగు వేస్తే చప్పుడు లేదు. గిట్ట కొద్దిగా దిగి, తేలిగ్గా లేస్తోంది. అమ్మాయిని ఎక్కించింది మోర్గాన్ జాతి గుర్రం మీద, వెర్మాంట్ రాష్ట్ర జంతువు అదే. ఇరవై నిమిషాల్లో మా అమ్మాయి క్యాంటర్ చేసింది. మూడు రౌండ్లు! కంచె పక్కన నిలబడి మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

పాఠం అయ్యాక మామయ్య ఆ యజమానురాలిని వదల్లేదు. ఆయనకు ఇంగ్లీషు తక్కువ, ఆమెకు తెలుగు రాదు, మధ్యలో దుబాసీ మా అమ్మాయి. ఆమె బూటుతో ఒక మూల ఇసుక పక్కకు తోసి అడుగున గట్టి పొర చూపించింది. దాన్ని చూడగానే మామయ్య "డస్ట్, రోలింగ్!" అన్నారు. రాతిపొడి పోసి రోలర్‌తో బిగించారని. ఇక అక్కడి నుంచి ఇద్దరికీ భాషతో పని లేకపోయింది.

కట్టేటప్పుడు షెడ్డు స్థలంలో ఒక సగం బండ, ఒక సగం మెత్తటి ఒండు ఉందట. అలాగే వదిలేస్తే చలికి ఒండులోని నీరు గడ్డకట్టి నేల ఉబ్బుతుంది, బండ ఉబ్బదు. రెండూ కలిసేచోట పగులుతుంది. అందుకని బండను అడుగు లోతు కొట్టించి, మొత్తం ఒకే మందంతో కంకర పరిపించింది. కంకర కింద నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, లేకపోతే కింది మట్టి కంకరలోకి ఎక్కుతుంది, అడుగు రాళ్లు పైకి తేలతాయి. ఆ ప్రాంతంలో పొలాల చుట్టూ కనిపించే రాతి గోడలు చాలావరకు అలా ఏటా పైకి తేలిన రాళ్లను రైతులు ఏరి పేర్చినవే. కంకర మీద 4 అంగుళాల క్రషర్ డస్ట్ రోలర్‌తో బిగించి, ఆపైన 3 అంగుళాల కడిగిన ఇసుక.

మామయ్య ఆ ఇసుక చిటికెడు తీసి అరచేతిలో రుద్దారు. మా మానేరు నది ఇసుకలా గుండ్రంగా లేదు, రాళ్లు పిండి చేసి తీసే రోబో శాండ్‌లా పదునుగానూ లేదు. గుండ్రంగా ఉంటే గిట్ట కింద జారుతుంది, మరీ పదునైతే బిగుసుకుపోతుంది. అరీనా వెడల్పు 20 మీటర్లు, పొడవు 40 మీటర్లు. "ఇరవై ఒకటిన్నర యూనిట్లు పట్టి ఉంటది" అని ఇసుక లెక్క నోటితోనే చెప్పేశారు. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు.

చలికాలంలో ఆమె చుక్క నీరు చల్లదు. చలి మొదలయ్యే ముందే ఇసుకలో మెగ్నీషియం క్లోరైడ్ అనే ఉప్పు కలుపుతుంది. అది దుమ్మును అణుస్తుంది, ఇసుకను అంత తొందరగా గడ్డకట్టనివ్వదు. అయితే ఆ ఉప్పు గిట్టలను ఎండబెడుతుంది కాబట్టి స్వారీ అయ్యాక గుర్రాల కాళ్లు తుడుస్తుంది. సాయంత్రం చివరి గుర్రం వెళ్లగానే, మన పొలాల్లో గుంటక తోలినట్టు, ట్రాక్టర్ వెనక హారో కట్టి ఇసుకంతా కదిపేస్తుంది. గిట్టలు తొక్కి బిగిసిన ఇసుకను రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారేసరికి అదే గడ్డకడుతుంది. ఇదంతా రోజూ చేయాల్సిన చాకిరీ. ఆ లాడ్జ్‌లో లేనిది ఇదే, చలి ఇద్దరికీ ఒకటే.

మీ పిల్లల్ని చలికాలంలో ఎక్కడికైనా స్వారీకి తీసుకెళ్తుంటే ప్రకటన నమ్మకండి. ఫోన్ చేసి, అరీనాలో నీళ్లు ఎప్పుడు చల్లారు, హారో చివరిసారి ఎప్పుడు తోలారు అని సూటిగా అడగండి. ఆ రోజు ఉదయం తీసిన వీడియో పంపమనండి, గుర్రం నడుస్తున్న చప్పుడు వినబడేలా. నసిగితే వదిలేయండి. నేల గడ్డకడితే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఏప్రిల్‌లో మాత్రం వెళ్లొద్దు. పైన మంచు కరుగుతుంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు దిగక బయటి అరీనాలన్నీ బురదే.

లాడ్జ్‌కి రెండు ఉత్తరాలు రాస్తే ఫెసిలిటీ ఫీజు 40 డాలర్లు వచ్చాయి, మిగతాది రాలేదు. వెర్మాంట్‌లో మే 17కి మళ్లీ బుక్ చేశాను. జూన్ అనుకున్నాం కానీ మామయ్య మే నెలాఖరుకు వెళ్లిపోతారు. ఈ చలికి తేలిన రాళ్లను బయటి అరీనాలోంచి ఏరేది మేలోనేనట, ఆ పని తను చూడాల్సిందేనని పట్టుబట్టారు.