సెకండ్ హ్యాండ్ అక్వేరియం పంపు కొంటున్నరా? స్టిక్కర్ నమ్మకండి, వైరు చూడండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట దిక్కు చేపలు పెంచే అన్నలకు, అక్కలకు ఒక ముచ్చట చెప్పాలె. వాడిన అక్వేరియం పంపులు తక్కువ ధరకు ఇస్తమని ఈ మధ్య మన దిక్కు మస్తు పోస్టులు కనబడుతున్నయి. అండ్లనే ఒకటి నేను కొన్న. వచ్చింది అక్వేరియం పంపు కాదు, కూలర్ల నుంచి పీకిన పాత పంపు. 700 రూపాయలు పోయినయి. పైసల సంగతి పక్కకు పెట్టండి, ఆ పంపు నీళ్లల్లకు కరెంటు వదులుతున్నది. మా ఇంట్ల చేపలకు దాణా వేసేది చిన్న పిల్లలు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపికతోని చదవండి.

అమ్మినాయన హన్మకొండ చౌరస్తా దగ్గరికి రమ్మన్నడు. తెలిసిన షాపుల ప్లగ్గు అడిగి, బకెట్ల నీళ్లు పోసి నడిపి చూపించిండు. నీళ్లు వచ్చినయి, చప్పుడు కూడా లేదు. మీద మెరిసే వెండి రంగు స్టిక్కరు: 40 వాట్లు, గంటకు 2500 లీటర్లు, హెచ్ మ్యాక్స్ (నీళ్లు ఎక్కే గరిష్ఠ ఎత్తు) 2.5 మీటర్లు. "ఇంపోర్టెడ్ మాల్ తమ్మీ, పెద్ద ట్యాంకుల నుంచి తీసింది" అన్నడు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టంగనే ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలకు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్చి) పడిపోయింది. మళ్ల ఎత్తితే మళ్ల పడింది. ఫోన్ చేస్తే "మీ ఇంట్ల వైరింగే ఖరాబున్నది, మా దగ్గర మంచిగనే నడిచింది కదా" అని మా మీదికే తోసిండు. ఆ షాపుల ఆర్‌సీసీబీ లేదు కాబట్టే నడిచింది. బకెట్ల నడవడం వేరు, చెయ్యి పెట్టే నీళ్లల్ల పెట్టుకోవడానికి పనికిరావడం వేరు.

అసలు లోపం వైర్ల దొరికింది. వైరు పంపు బాడీల కలిసే చోటుకు జానెడు దూరంల నల్ల స్లీవ్ ఒకటి ఉన్నది. పైకి చూస్తే కంపెనీ వాళ్లే బలం కోసం వేసినట్టు కనబడతది. వేళ్లతోని ఒత్తితే లోపల గట్టిగ గడ్డ తగిలింది. బ్లేడుతోని కోసి చూస్తే ఇన్సులేషన్ టేపు, టేపు కింద ఊరికే మెలిపెట్టిన రెండు జాయింట్లు. టంకం లేదు, ఏమీ లేదు. రాగి పచ్చగ చిలుము పట్టి ఉన్నది. నీళ్ల అడుగున ఉండే వైరుకు టేపు జాయింటు! ఇన్సులేషన్ టేపు నీళ్లను ఆపదు, కొన్ని రోజులల్ల జిగురు వదిలేస్తది. ఆ చిలుము కూడా మంచిది కాదు, రాగి నీళ్లల్ల కరిగితే చేపలకు విషం. రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులైతే అవే ముందు చస్తయి.

చేపలు హాయిగ తిరుగుతున్నయి కదా, షాక్ ఎక్కడిది అని కొంతమంది అంటరు. ఆ మాట నమ్మొద్దు. అద్దాల ట్యాంకు కట్టె స్టాండు మీద ఉంటే నీళ్లల్లకు వచ్చిన కరెంటుకు భూమిలకు పోయే దారి ఉండదు. నీళ్లన్నీ ఒకే వోల్టేజీ మీద ఉంటయి కాబట్టి చేపకు ఏం కాదు. వట్టి కాళ్లతోని బండల మీద నిలబడి మనం చెయ్యి పెట్టినప్పుడు ఆ దారి మనమే అవుతం. ఎంసీబీ కూడా ఇక్కడ కాపాడదు, అది వైరు కాలిపోకుండ చూసేది. మనిషికి షాక్ తగిలితే వెంటనే కరెంటు కట్ చేసి కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది లేని ఇంట్ల సెకండ్ హ్యాండ్ పంపు జోలికి పోకుంటేనే మేలు, ఇది నా గట్టి మాట.

టెస్టర్ పెట్టి చూసుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. మంచి పంపు ఉన్న నీళ్లల్ల కూడా టెస్టర్ ఒక్కోసారి సన్నగ వెలుగుతది, ఖరాబు పంపుకు ఒక్కోసారి వెలగదు. మెగ్గర్ (ఇన్సులేషన్ నుంచి కరెంటు లీకైతున్నదా చూసే మీటరు) పెట్టి చూపించుకోవాలె. మన జిల్లాల వ్యవసాయ మోటర్లకు వైండింగ్ చేసే షాపులు ఎన్నో ఉన్నయి, వాళ్ల దగ్గర మెగ్గర్ ఉంటది. పంపును ప్లాస్టిక్ బకెట్ నీళ్లల్ల ముంచి, ప్లగ్గు రెండు పిన్నులు కలిపి మెగ్గర్ ఒక వైరు, నీళ్లల్ల ఇంకో వైరు పెట్టి 500 వోల్టుల మీద చూస్తరు. మంచి పంపు మెగోమ్‌లల్ల చూపియ్యాలె. నాదానికి ముల్లు సున్నా దిక్కు వాలిపోయింది. వైండింగ్ చేసే పెద్దాయన "దీన్ని మళ్ల నీళ్లల్ల పెట్టకు బిడ్డా" అన్నడు.

ఇగ స్టిక్కర్ ముచ్చట. ఎవరన్నా ప్రింటు తీసి అతికియ్యొచ్చు కాబట్టి బాడీ మీద అచ్చుల పోసిన అక్షరాలు వెతకండి. స్టిక్కర్ అంచు గోరుతోని లేపితే నాదాని మీద 18 వాట్లు, 1.8 మీటర్లు అని ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డయి. అక్షరాలు అరగదీసి ఉంటే కొనకండి. అసలు ఎన్ని వాట్లు తింటున్నదో కరెంటు మీటరే చెప్తది. డిజిటల్ మీటర్ల మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటు పక్కన చాలావాటికి 3200 అని రాసి ఉంటది, అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఫ్రిజ్, ఇన్వర్టర్, టీవీ అన్నీ బంద్ చేసి పంపు ఒక్కటే నడపండి. 40 వాట్ల పంపు అయితే ఒక మెరుపుకు, ఇంకో మెరుపుకు నడుమ 28 సెకన్లు పడతది. 18 వాట్లది అయితే నిమిషం దాటుతది. మీటర్ మీద 1600 అని ఉంటే ఈ సెకన్లకు రెండింతలు లెక్కేసుకోండి.

నీళ్ల లెక్కకు 20 లీటర్ల వాటర్ క్యాన్ చాలు. గంటకు 2500 లీటర్లు నిజమైతే అర నిమిషం లోపల నిండాలె. నిమిషం పావు పట్టిందంటే అది 1000 లీటర్ల దగ్గర ఉన్నది. ఈ పరీక్ష పైపు ఎత్తకుండ చేయాలె, ఎందుకంటే స్టిక్కర్ల రాసే లీటర్లు ఎత్తు లేనప్పటివే. నీటి మట్టం నుంచి పైపును మెల్లగ పైకి లేపుకుంటూ పోతే ధార సన్నబడి ఒక చోట ఆగిపోతది. ఆ ఎత్తే హెచ్ మ్యాక్స్. కొత్తగ చేపలు పెంచేటోళ్లు చాలామంది 1.8 మీటర్లు అంటే అంత ఎత్తుకు నిండుగ నీళ్లు ఎక్కుతయని అనుకుంటరు. అక్కడ వచ్చేది సున్నా.

కూలర్ పంపులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. లోపల రెండింటిదీ ఒకే తీరు: రాగి చుట్టను రెసిన్ (గట్టిపడే జిగురు) పోసి మూసేస్తరు, నీళ్లల్ల అయస్కాంతం రోటర్ తిరుగుతది. ఆ రోటర్ ఎటు మొదలైతే అటు తిరుగుతది, అందుకే దాని రెక్కలు వంపు లేకుండ నేరుగ ఉంటయి. తేడా వాటి బతుకుల ఉన్నది. మే నెల ఎండలల్ల కూలర్ ట్యాంకు అర్ధరాత్రి ఖాళీ అయితది, పంపు మాత్రం తెల్లారేదాక తిరుగుతనే ఉంటది. పంపును చల్లార్చేది నీళ్లే, అవి లేకుంటే వేడికి రెసిన్ పగులుతది. దాని మీదికెల్లి కూలర్ల నీళ్లు ఆవిరైపోయి ఉప్పులు మిగులుతయి, మన బోరు నీళ్లకు అది తెల్ల పెంకు లెక్క గట్టిపడతది. అందుకని కొనేముందు పంపు ముందరి మూత తీసి రోటర్ బయటికి గుంజండి. అయస్కాంతం ఉబ్బినా, తుప్పు మరకలు ఉన్నా, సెరామిక్ ఇరుసు విరిగినా, రెసిన్ల సన్నని గీత లెక్క పగులు కనబడినా వెనక్కి ఇచ్చేయండి. ఏ పనికి వాడిండ్రో కూడా అడగండి. పెళ్లి మండపాల ఫౌంటెన్ల రంగునీళ్లల్ల తిరిగినవి, పురుగుల మందు నీళ్లు తోడినవి చేపలకు వద్దే వద్దు.

మన దిక్కు ప్రతి వాడల అమెరికాల పిల్లలున్న ఇల్లు ఒకటి ఉంటది కాబట్టి ఇది కూడా చెప్తున్న. అక్కడి నుంచి వచ్చిన పంపులకు రెండు చదును పిన్నులుంటయి, అవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. కన్వర్టర్ ప్లగ్గు పిన్ను ఆకారమే మారుస్తది, వోల్టేజీని మార్చదు. మన 230 వోల్టులకు పెడితే చుట్ట కాలిపోతది. 12 వోల్టుల డీసీ పంపులైతే అడాప్టర్‌తోని కలిపి ఇస్తేనే తీసుకోండి.

అన్ని పరీక్షలకు నిలబడిన పంపు దొరికిందా, సంతోషంగ వాడుకోండి. రోటర్, మూతలు విడదీసి, వెనిగర్‌ల సగం నీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తోని తోమి, మంచినీళ్లతోని బాగ కడగండి. సబ్బు పెట్టొద్దు. పాత స్పాంజి పారేసి కొత్తది వేయండి. ట్యాంకుల పెట్టేముందు ఒక రోజంతా బకెట్ల నడపండి, ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీద. వైరు ప్లగ్గు బోర్డు కంటె కిందికి వేలాడి మళ్ల పైకి పోయేటట్టు పెడితే, కారిన నీళ్లు బోర్డులకు పోకుండ కిందనే చుక్కలు పడతయి. ట్యాంకుల చెయ్యి పెట్టేముందు ప్రతిసారి ప్లగ్గు తీయాలె, స్విచ్చి ఒక్కటి బంద్ చేస్తే చాలదు. పాత ఇండ్లల్ల స్విచ్చి ఫేజ్ వైరుకు కాకుండ న్యూట్రల్ వైరుకు ఉంటే, స్విచ్చి బంద్ ఉన్నా పంపుల ఫేజ్ ఉండనే ఉంటది.

నాకు అమ్మినాయన "ఇంకా నాలుగైదు పీసులున్నయి, దోస్తులకు కావాలంటే చెప్పు" అన్నడు. ఇప్పుడు నా ఫోన్ ఎత్తుతలేడు, పోస్టు మాత్రం అట్లనే ఉన్నది. నల్ల బాడీ, మెరిసే వెండి స్టిక్కరు, 40 వాట్లు అని పెద్ద అక్షరాలు, బాడీకి జానెడు దూరంల వైరు మీద నల్ల స్లీవ్. ఇట్లాంటిది ఇప్పటికే మీ ట్యాంకుల ఉంటే, ఇది చదువుడు ఆపి ముందు ప్లగ్గు పీకండి. నీళ్లల్ల చెయ్యి ఆ తర్వాతనే పెట్టండి.