ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్ టికెట్లు కొనబోయేవారికి హెచ్చరిక: 413 డాలర్లు కట్టి బయటే నిలబడ్డాము

ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఫిలడెల్ఫియా చూపించాలని అనుకుంటున్నవారు ఆన్‌లైన్‌లో ఏ టూరూ కొనకముందే ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన భవనమైన ఇండిపెండెన్స్ హాల్ లోపలికి వెళ్ళడానికి అధికారిక సైటులో అయ్యే ఖర్చు మనిషికి ఒక్క డాలరు రిజర్వేషన్ రుసుము మాత్రమే. దాని దగ్గరే ఉన్న లిబర్టీ బెల్ అనే చారిత్రక గంటను చూడడానికి ఆ డాలరు కూడా అక్కర లేదు. ఈ సంగతి తెలియక మేము ఆరుగురికి కలిపి 413 డాలర్లు ఒక ప్రైవేటు టూర్ సైటుకు చెల్లించి, హాలు ముందు కాలిబాట మీద నిలబడి ఫోటోలు తీసుకుని ఇంటికి తిరిగి వచ్చాము.

మేము న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటాము. గత జూన్‌లో అమ్మ, నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 34 ఏళ్ళు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. నయాగరా, న్యూయార్క్ మేము చెప్పిన చోట్లు. ఫిలడెల్ఫియా మాత్రం ఆయన నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క ఊరు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించినదీ, 1787లో అమెరికా రాజ్యాంగాన్ని చర్చించి సంతకాలు చేసినదీ ఒకే గదిలోనని పిల్లలకు ఏటా చెప్పేవారట. మన రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు సలహాదారు బెనెగళ్ నరసింగరావు అమెరికాకు వచ్చి ఇక్కడి న్యాయమూర్తులతో మాట్లాడిన సంగతిని కూడా కారులో మా పాపకు వివరిస్తూ వచ్చారు. ఆ గదిని ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. అందువల్లనే ఈ నష్టం నాకు డబ్బు నష్టంగా మాత్రమే అనిపించలేదు.

కొన్న తీరు చెబుతాను. ఫోనులో ఇండిపెండెన్స్ హాల్ టికెట్లు అని వెతికితే అన్నిటికంటే పైన వచ్చిన లింకును నొక్కాను. అది ప్రకటన అని చిన్న అక్షరాలతో రాసి ఉన్న మాట వాస్తవమే, కానీ నేను గమనించలేదు. సైటు పైభాగంలో గంట బొమ్మ, వెనుక ఎరుపు నీలం చారలు, పేరులో టికెట్లు అనే మాట ఉండడంతో ప్రభుత్వ సైటే అనుకున్నాను. మూడు గంటల చారిత్రక నడక, ఇండిపెండెన్స్ హాల్ సందర్శన, లిబర్టీ బెల్ వద్ద వరుసలో నిలబడనక్కరలేని ప్రవేశం అని రాసి ఉంది. మనిషికి 62 డాలర్లు, ఆపైన సర్వీసు చార్జీ కలిపి మొత్తం 413 అయింది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి. వరుసలో నిలబడనక్కర లేదన్న ఆ ఒక్క మాట చూసే కొన్నాను.

ఆ ఉదయం చెస్ట్‌నట్ వీధి మూలన మాకు ఒక యువకుడు గైడుగా ఎదురయ్యాడు. అతడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, ఎల్ఫ్రెత్స్ ఆలీలోని పాత ఇళ్ళ గురించి చాలా చక్కగా చెప్పాడు. అయితే లిబర్టీ బెల్ సెంటర్ వద్దకు రాగానే మమ్మల్ని అందరితో పాటు అదే వరుసలో నిలబెట్టాడు. అక్కడ టికెట్టే లేదు కనుక, భద్రతా తనిఖీ దాటడానికి డబ్బు తీసుకుని ముందుకు పంపే ప్రత్యేక మార్గం ఏ టూరు కంపెనీకీ లేదు. ఎండలో ముప్పావు గంట నిలబడ్డాము. ఆ తర్వాత ఇండిపెండెన్స్ హాల్ ఎదుటికి తీసుకువెళ్ళి, 1732లో పెన్సిల్వేనియా శాసనసభ భవనంగా కట్టడం మొదలైన నాటి నుంచి కథంతా చెప్పి, ఇక్కడితో మన నడక ముగిసిందని అన్నాడు. లోపలికి ఎప్పుడని అడిగితే, తమ టూరులో లోపలి ప్రవేశం లేదనీ, కంపెనీ ప్రకటనలో ఏమి రాస్తుందో తన చేతిలో ఉండదనీ ఇబ్బంది పడుతూ చెప్పాడు. ఆ రోజుకు హాలు టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. నాన్నగారు ఏమీ అనలేదు. పోనీలే అమ్మా, బయటి నుంచి చూశాను కదా అన్నారు.

ఇంటికి వచ్చి ఆ పేజీని మళ్ళీ చదివాను. పైన పెద్ద అక్షరాలతో సందర్శన అని ఉన్నదానికి, అట్టడుగున షరతుల్లో బయటి నుంచి చూపించడం అనే అర్థం రాసి ఉంది. లోపలి ప్రవేశం లభ్యతను బట్టి ఉంటుందని ఇంకొక వాక్యం ఉంది. డబ్బు తిరిగి ఇవ్వమని రాస్తే, టూరు పూర్తిగా జరిగింది కనుక వీలుకాదని రెండుసార్లు ఒకే జవాబు వచ్చింది.

అసలు పద్ధతి ఇది. ఇండిపెండెన్స్ హాల్, లిబర్టీ బెల్ రెండూ నేషనల్ పార్క్ సర్వీస్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ నిర్వహణలో ఉన్నాయి. హాలు లోపల చూపించి వివరించేది ఆ సంస్థ ఉద్యోగులైన పార్క్ రేంజర్లే. ఏడాదిలో ఎక్కువ కాలం దానికి సమయం వేసిన టికెట్ తప్పనిసరి, సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం అవసరం ఉండదు. ఆ టికెట్లను రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైటులో ముందుగా తీసుకోవాలి. వేసవి సెలవుల్లో ఇవి త్వరగా అయిపోతాయి కాబట్టి ప్రయాణం అనుకున్న రోజే చూసుకోవడం మంచిది. చిరునామా చివర డాట్ గవ్ లేని సైటు ఏదైనా, దాని మీద ఎన్ని గంట బొమ్మలున్నా, మధ్యవర్తిదే. టికెట్ మీద ఉన్న సమయానికి ముందే భద్రతా తనిఖీ ముగించుకోవాలి కనుక, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు బాగా ముందుగా చేరుకోవాలి. లిబర్టీ బెల్ వరుసలో నిలబడలేని పెద్దలుంటే, భవనానికి చెస్ట్‌నట్ వీధి వైపున్న అద్దం గుండా బయటి నుంచే గంటను చూడవచ్చు. ఈ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే నాన్నగారిని ఎండలో నిలబెట్టేదాన్ని కాదు.

గైడుకు డబ్బు ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. మంచి గైడుతో పాత వీధుల్లో నడవడం విలువైన అనుభవమే. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి ఉన్న క్రైస్ట్ చర్చ్ శ్మశానవాటిక వంటి చోట్ల న్యాయంగానే ప్రవేశ రుసుము ఉంది. నా అభ్యంతరం ఒక్కటే: ఉచితమైనదాన్ని అమ్మడం, తాము ఇవ్వలేని ప్రవేశాన్ని ఇస్తామన్నట్టు రాయడం.

ఆగస్టులో ఒక మంగళవారానికి నేను నాలుగు టికెట్లు నాలుగు డాలర్లకు తీసుకుని అమ్మ, నాన్నగారు, పాపతో మళ్ళీ వెళ్ళాను. నాన్నగారు చూడాలనుకున్న ఆ గదిలోనే, దాన్ని అసెంబ్లీ గది అంటారు, రేంజర్ రాజ్యాంగ సభకు అధ్యక్షత వహించిన జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న కుర్చీని చూపించారు. దాని వెనుక పలక మీద చెక్కిన సగం సూర్యుణ్ణి నాన్నగారు పాపకు తెలుగులో వివరిస్తుంటే, మా పక్కనున్న వారు కూడా ఆగి చూశారు. అమ్మావాళ్ళ తిరుగు ప్రయాణానికి అప్పటికి తొమ్మిది రోజులే ఉంది. అందరికీ ఇలా రెండోసారి వెళ్ళే వీలుండదు, వీసా గడువులూ సెలవులూ తెలిసినవే కదా.

డబ్బు సంగతి. క్రెడిట్ కార్డుతో కట్టాను కనుక, ప్రకటించిన సేవ అందలేదని బ్యాంకులో వివాదం నమోదు చేశాను. ఆ ఖర్చు మొదటిసారి కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల లోపు రాతపూర్వకంగా తెలియజేస్తే అమెరికా చట్టం వినియోగదారుకు రక్షణ ఇస్తుంది. కొన్ననాడు అదృష్టవశాత్తు ఆ పేజీని మా వారికి స్క్రీన్‌షాట్ తీసి పంపి ఉన్నాను. వరుసలో నిలబడనక్కర లేదన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఏడు వారాల తర్వాత సగం సొమ్ము తిరిగి వచ్చింది. నడక టూరు జరిగిందని కంపెనీ రుజువు చూపినందున మిగతాది రాలేదు.

ఇప్పటికే ఇలాంటి టూరు కొన్నవారు ఉంటే, ఈ రాత్రే నిర్ధారణ మెయిల్ తెరిచి, అందులో హాలు లోపలి ప్రవేశానికి సమయం వేసిన టికెట్ ఉన్నదా లేదా చూడండి. లేకపోతే కంపెనీకి రాసి అడిగి, జవాబును దాచుకోండి. చాలా సైట్లు టూరుకు 24 గంటల ముందు వరకు రద్దు చేసుకోనిస్తాయి. ఆ గడువు దాటకముందే రద్దు చేసి, ప్రభుత్వ సైటులో మీ తేదీకి టికెట్లు మిగిలి ఉన్నాయేమో చూసుకోండి. ఎవరికైనా ఏ బటన్ నొక్కాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నేను పక్కన ఉండి బుక్ చేయిస్తాను.