పదేళ్లుగా మౌంట్ కమాండ్ వాడుతున్నా: మంచీ చెడ్డా

మానిటర్, కీబోర్డ్ లేని ఒక పాత కంప్యూటర్‌ని సర్వర్‌గా మూలన పెట్టిన రోజు నుంచి నాకు డ్రైవ్ బొమ్మ మీద క్లిక్ చేసే సుఖం పోయింది. లినక్స్ టెర్మినలే గతి. ఇప్పుడు దానికి రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు, ఒక ఎన్ఎఫ్ఎస్ షేరు, ఒక సాంబా షేరు (రెండూ నెట్‌వర్క్ మీద వేరే మెషీన్ నుంచి వాడుకునే ఫోల్డర్లే) ఉన్నాయి. అన్నీ మౌంట్ కమాండ్ మీదే నడుస్తున్నాయి. డిస్కునో షేరునో ఒక ఫోల్డర్‌కి తగిలించి, అందులోని ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో కనిపించేలా చేసేది అదే.

మామూలు వాడకంలో వంక పెట్టడానికేం లేదు. 'ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్' కొడితే ఏ డిస్కులో ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో, దాని యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) ఏంటో వరసగా కనిపిస్తాయి. ఆ తర్వాత సుడో (అడ్మిన్ హక్కుతో నడపడానికి) మౌంట్, డిస్కు పేరు, ఫోల్డర్ పేరు. ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ తిరిగొచ్చిందంటే పనైనట్టే. తీసేటప్పుడు మాత్రం అది 'అన్‌మౌంట్' కాదు, 'ఉమౌంట్'. ఆ ఎన్ ఎందుకు మింగేశారో గానీ, నా వేళ్లు ఇప్పటికీ దాన్ని కలిపే కొడతాయి.

మొదట్లో, బూట్ అయినప్పుడు ఏది ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో డిస్కుల పేర్లు ఎస్‌డీబీ1, ఎస్‌డీసీ1 అని రాసుకున్నా. ఒక రీబూట్ తర్వాత రెండు డిస్కులూ పేర్లు మార్చుకున్నాయి. ఫొటోలు ఉండాల్సిన చోట బ్యాకప్‌లు కనిపించేసరికి గుండె జారింది. ఆ పేర్లు డిస్కులవి కావు, కెర్నెల్‌కి (లినక్స్ గుండెకాయకి) అవి కనిపించిన వరసవి. యూయూఐడీలు రాశాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఇంకోసారి, ఒక డిస్కు వైరు తీసి ఉండగా సర్వర్ రీస్టార్ట్ అయింది. సిస్టమ్‌డీ (బూట్‌లో అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఆ డిస్కు కోసం 90 సెకన్లు చూసి, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కూడా లేదు. ఎక్కడో ఉన్న మానిటర్ మోసుకొచ్చి తగిలిస్తే తప్ప విషయమేంటో తెలియలేదు. దానికి మందు ఎఫ్‌స్టాబ్‌లో ఆ డిస్కు లైన్లో 'నోఫెయిల్' అని ఒక్క మాట చేర్చడం. చేర్చాను. అసలు కథ అక్కడే మొదలైంది.

నోఫెయిల్ ఉంటే డిస్కు లేకపోయినా సిస్టమ్ లేస్తుంది. కానీ మౌంట్ పాయింట్, అంటే డిస్కుని తగిలించే ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంటుంది, ఖాళీగా, మామూలు ఫోల్డర్‌లా. నా బ్యాకప్ స్క్రిప్ట్‌కి ఆ తేడా ఏం తెలుసు? రోజూ రాత్రి ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్) నడిచింది, ఎర్రర్ ఒక్కటీ లేదు, డేటా అంతా రూట్ డిస్కులో, అంటే సిస్టమ్ ఉన్న డిస్కులో పడింది. కొన్నాళ్లకి డిస్కు మళ్లీ తగిలించి మౌంట్ చేశాను. ఆ వారమే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' మొదలైంది. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే రూట్ 100 శాతం నిండిందంటుంది, ఫోల్డర్ల సైజులు లెక్కకట్టే డీయూతో వెతికితే అందులో సగం కూడా లెక్క తేలదు. సాయంత్రమంతా జుట్టు పీక్కున్నా. పైన డిస్కు మౌంట్ అయ్యాక కింద ఫోల్డర్లో ఉన్న ఫైళ్లు కంటికి కనబడవని అప్పుడు తట్టింది. రూట్‌ని ఇంకో ఫోల్డర్‌లో కూడా కనిపించేలా బైండ్ మౌంట్ చేసి చూస్తే, ఆ బ్యాకప్‌లన్నీ అక్కడే గుట్టగా ఉన్నాయి.

ఇప్పుడు కొత్త మౌంట్ పాయింట్ చేస్తే, డిస్కు తగిలించకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి 'సీహెచ్‌యాటర్ ప్లస్ ఐ' కొడతా. డిస్కు లేనప్పుడు అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్ కూడా అందులో ఫైలు పెట్టలేడు. మౌంట్ అయ్యాక డిస్కులో రాతలకి అడ్డేమీ ఉండదు. స్క్రిప్ట్ మొదట్లో, డిస్కు నిజంగా మౌంట్ అయిందో లేదో చూసే 'మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ' చెక్ కూడా పెట్టాను. ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్నప్పుడల్లా రీబూట్‌కి ముందే, అందులోవన్నీ మౌంట్ చేసే 'మౌంట్ మైనస్ ఏ' కొట్టి చూసుకుంటా.

నెట్‌వర్క్ షేర్ల దగ్గర నా మార్కులు తగ్గుతాయి. సాంబా షేరు ఒక అప్‌గ్రేడ్ తర్వాత 'ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్' అంది. హోస్ట్ శుభ్రంగా పింగ్‌కి పలుకుతోంది! తీరా చూస్తే 2017లో వచ్చిన 4.13 కెర్నెల్ నుంచి ఎస్ఎంబీ 1 (సాంబా షేర్లు వాడే ప్రోటోకాల్ పాత వెర్షన్) డిఫాల్ట్ కాదు, నా పాత స్టోరేజ్ బాక్సుకి అదొక్కటే వచ్చు. ఆప్షన్లలో వెర్షన్ 1.0 అని రాసి కొన్నాళ్లు నెట్టుకొచ్చా గానీ, ఆ ప్రోటోకాల్ భద్రత అంతంతమాత్రం, చివరికి బాక్సే మార్చాను. పాస్‌వర్డ్‌ని ఎఫ్‌స్టాబ్‌లో పెట్టకుండా వేరే క్రెడెన్షియల్స్ ఫైల్లో పెట్టి, ఓనర్ మాత్రమే చదవగలిగేలా 600 పర్మిషన్ ఇవ్వండి. ఫైళ్లు ఏ యూజర్‌వో చెప్పే యూఐడీ ఆప్షన్ మర్చిపోతే ఫైళ్లన్నీ రూట్ పేరు మీదే కనిపించి విసిగిస్తాయి.

ఎన్ఎఫ్ఎస్‌లో అవతలి సర్వర్ ఆగితే డీఎఫ్ కొట్టినా టెర్మినల్ బిగుసుకుపోతుంది. డిఫాల్ట్‌గా అది హార్డ్ మౌంట్ మరి, సర్వర్ వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. 'సాఫ్ట్' పెడితే వదిలేస్తుంది కానీ రాస్తున్న డేటా పాడయ్యే ప్రమాదముంది. నేను హార్డే ఉంచి, సిస్టమ్‌డీ ఆటోమౌంట్ జోడించాను. వాడినప్పుడే మౌంట్ అవుతుంది.

'టార్గెట్ ఈజ్ బిజీ' అని ఉమౌంట్ మొరాయిస్తే పదింట తొమ్మిదిసార్లు దోషి నేనే, ఇంకో టెర్మినల్లో ఆ ఫోల్డర్‌లోనే కూర్చుని ఉంటా. మిగతా ఒక్కసారికి, ఏ ప్రోగ్రామ్ వాడుతోందో చూపే 'ఫ్యూజర్ మైనస్ వీఎం' ఉంది. 'ఉమౌంట్ మైనస్ ఎల్' కొడితే పేరు మాయమవుతుంది గానీ వాడుతున్న ప్రోగ్రామ్ ఇంకా పట్టుకునే ఉంటుంది, ఆ ధీమాతో వైరు పీకకండి. ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ కోసమైతే ఇంత తతంగం నేనూ చేయను. 'యూడిస్క్స్‌సీటీఎల్' చాలు, సుడో అడగదు, ఫోల్డర్ కూడా తనే చేసుకుంటుంది.