ళ పలకని విలన్: ఒక యాప్ తెలుగు ఆడియోకి నా మూడు స్టార్లు

ముందే చెప్తున్నాను, యాప్ పేరు రాయను. సిరీస్ పేరూ రాయను. యాప్ పేరు రాస్తే కనెక్షన్ పెట్టించిన మా అల్లుడు నొచ్చుకుంటాడు. సిరీస్ పేరు రాస్తే ఇంకా చూడనివాళ్ళు నన్ను తిట్టుకుంటారు. మా బ్రాడ్‌బ్యాండ్ ప్యాకేజీతో పాటు వచ్చిన యాప్ అది, ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. నేను రాసేది అందులోని తెలుగు ఆడియో గురించి. బొమ్మ క్వాలిటీ, నెట్ స్పీడు లాంటివి మా మనవరాలిని అడగాలి.

నేను 31 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉండేది ఎంవీపీ కాలనీలో. సాయంత్రం రైతు బజారు నుంచి వచ్చి, గోరుచిక్కుళ్ళు ముందేసుకుని టీవీ పెడతాను. నాకు దెయ్యాల కథలే కావాలి, అలాగని దెయ్యం కోసం కాదు. దెయ్యం ఎలాగూ వస్తుంది, తలుపులు కొట్టుకుంటాయి, లైట్లు ఆరిపోతాయి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన వైజాగ్ వాళ్ళకి లైట్లు ఆరిపోతే భయమేంటి? దాని వెనక ఉన్నది ఎవరు, అదీ నాకు కావాల్సింది. తొంభైల చివర్లో ఈటీవీలో ‘అన్వేషిత’ సస్పెన్స్ సీరియల్ వచ్చే రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు అనుమానితుల పేర్లు కాగితం మీద రాసి వందకి మార్కులు వేసేవారు. ఆ జబ్బు నాకు అక్కడ అంటుకుంది.

గోరుచిక్కుళ్ళు గిల్లుతూ సబ్‌టైటిల్స్ చదవడం నా వల్ల కాదు. కాబట్టి తెలుగు ఆడియో ఉండాల్సిందే. ఈ విషయంలో యాప్‌ని మెచ్చుకోవాలి. వెనకటి డబ్బింగుల్లో పెదాలు ఆగాక కూడా మాట వినిపించేది. ఇందులో మనుషులు మనుషుల్లాగే మాట్లాడుకుంటున్నారు. కొరియా అత్తగారు కోడల్ని “ఏమే, ఇంకా పొయ్యి వెలగలేదా” అంటే గిల్లుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ డైలాగు రాసినవాళ్ళకి అత్తగార్లు బాగా తెలుసు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. విలన్ని దాచిపెట్టే కథని తెలుగులోకి తేవడం తేలిక కాదు. కొరియన్‌లో క్రియని బట్టి ఆడో మగో తెలియదు, కర్తని చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. ఇంగ్లీషు క్రియా అంతే, హీ, షీ అనకుండా తప్పించుకుంటే చాలు. మన దగ్గర క్రియ తోకే గుట్టు రట్టు చేస్తుంది. వచ్చాడు అంటే మగవాడు. వచ్చింది అంటే ఆడమనిషి, లేదా పిల్లి, లేదా దెయ్యం. వ్యాకరణం రాసిన చిన్నయసూరి చెప్పిన మహత్తు (మగవాళ్ళని చెప్పే మాటలు), అమహత్తు (జంతువులు, వస్తువుల మాటలు) పాఠం చెప్తూ, ఏకవచనంలో ఆడవాళ్ళు అమహత్తుల వరసలో కూర్చుంటారు అనగానే ప్రతి ఏడాదీ ఎవరో ఒక ఆడపిల్ల లేచి “ఇదేం అన్యాయం టీచర్” అనేది. బహువచనంలో మళ్ళీ మగవాళ్ళ వరసలోకి వస్తాంలే అని సర్దిచెప్పేదాన్ని. అంత సమాధానపడేవాళ్ళు కాదు. నేనూ పడలేదనుకోండి.

దాచడానికి తెలుగులో దారి లేకపోలేదు. “ఎవరో వచ్చారు” అంటే సరి, ఆడో మగో ఒకరో పదిమందో ఏమీ తెలియదు. మంచి డబ్బింగ్ రచయిత ఆ ‘రు’ని పట్టుకుని పది ఎపిసోడ్లు లాగేయగలడు. తొందరపడితే మూడో ఎపిసోడ్‌లోనే దొరికిపోతాడు.

నేను చూస్తున్న కొరియన్ సిరీస్‌లో సరిగ్గా మూడో ఎపిసోడ్‌లోనే జరిగింది. కొండ కింద చిన్న ఊరు. వరసగా మనుషులు బావిలో తేలుతుంటారు. మంత్రాలు వేసే ముసలమ్మ చేతిలో గంట ఊపుతూ, కళ్ళు మూసుకుని, “మళ్ళీ వచ్చింది” అంటుంది. వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. వచ్చిందే. వచ్చాడు కాదు, వచ్చారు కాదు. నోట్‌బుక్ తీసి డాక్టరు, ఎస్సై, మందుల షాపాయన, ముగ్గురి పేర్లూ కొట్టేశాను. మిగిలింది బావి పక్కింటి కోడలు, స్కూలు హెడ్మిస్ట్రెస్. హెడ్మిస్ట్రెస్ కాకూడదని మనసులో అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గోడ మీద మా వాకింగ్ బృందం కూర్చుంటుంది. వాకింగ్ పావుగంట, కూర్చోవడం గంట. అందులో పోర్టులో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు, శ్రీకాకుళం వైపు మనిషి. ఆయనది మొదటి ఎపిసోడ్ నుంచీ ఒకటే పాట: “ఆడేనండి టీచర్‌గారూ, ఆ మందుల కొట్టోడు. ఒకటే నవ్వుతున్నాడు.” నవ్వు సాక్ష్యం కాదండీ, క్రియ సాక్ష్యం అన్నాను. “మీ యాకరణం మీ దగ్గరుంచండి” అని టీ ఊదుకున్నారు. ఇంకొకావిడది అద్దాల సిద్ధాంతం. సీన్లో అద్దం కనపడితే ఆపి చూడాలట, అందులో ఎవరు కనిపిస్తే వాళ్ళే.

ఆవిడ సిద్ధాంతం విని మా మనవరాలు పడీ పడీ నవ్వింది. అమెరికాలో 1990లో వచ్చిన ‘ట్విన్ పీక్స్’ సీరియల్ కథ అప్పుడే చెప్పింది. మొదటి ఎపిసోడ్ తీస్తుంటే, సెట్‌లో సామాన్లు సర్దే ఫ్రాంక్ సిల్వా అనే ఆయన పొరపాటున అద్దంలో పడ్డాడు. ఇంకొకరైతే ఆ షాట్ మళ్ళీ తీసేవాళ్ళు. దర్శకుడు డేవిడ్ లించ్‌కి అప్పటికే ఆ మనిషి మొహం మీద కన్నుంది, మంచం కాళ్ళ వైపు కూర్చోబెట్టి ఒక షాట్ కూడా తీసి ఉంచాడు. అద్దంలో పడ్డ బొమ్మని అలాగే ఉంచేసి, ఆయన్నే బాబ్ అనే దుష్టశక్తిని చేశాడు. లారా అనే అమ్మాయిని చంపింది కన్నతండ్రి, ఆయన ఒంట్లో దూరింది బాబ్. ముప్పై ఏళ్ళు దాటిపోయింది కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ గుట్టు విప్పాక చూసేవాళ్ళు తగ్గిపోయారు కూడా. తీసినవాళ్ళకి అంత తొందరగా విప్పడం ఇష్టం లేదు, ఛానెల్ పట్టుబట్టింది.

“ప్రకటనలు కూడా నమ్మకు అమ్మమ్మా” అని ఇంకోటి చూపించింది, అది ఈ యాప్‌లోది కాదు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే అమెరికా సిరీస్ నాలుగో సీజన్ 2022 మే నెలలో వచ్చింది. అంతకు ముందు జేమీ క్యాంప్‌బెల్ బోవర్ వేసే పాత్రని పీటర్ బల్లార్డ్ అనే దయగల ఆస్పత్రి ఉద్యోగిగా ప్రకటించారు. తీరా చూస్తే అతనే హెన్రీ, అతనే ఒకటో నంబరు, అతనే వెక్నా అనే అసలు విలన్. తయారుచేసినవాళ్ళే దొంగ పేరు ఇస్తే చూసేవాళ్ళేం చేస్తారు? ట్రైలర్లు చూసి అయినా కనిపెట్టినవాళ్ళున్నారట, వాళ్ళకి దండం. నాకు అందులో నచ్చింది వేరే. డెమోగోర్గన్, మైండ్ ఫ్లేయర్ అనే భూతాల్ని మూడు సీజన్లు ‘అది’ అన్న చోట, నాలుగోదానికి ‘వాడు’ వచ్చి కూర్చున్నాడు.

మళ్ళీ మా ఊరి బావి దగ్గరికి వస్తాను. ఆరో ఎపిసోడ్‌లో హీరోయిన్‌కి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. ఎవరి గొంతో తెలియకూడదని మెషీన్‌లో వేసి గరగరలాడించారు. ఆ గొంతు, “ఆ బావి నీల్లు తాగకు” అంది.

నీల్లు.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నీళ్ళు, కళ్ళు, పెళ్ళి, వెళ్ళు అని 31 ఏళ్ళు నాలుక మడతపెట్టించి పలికించినదాన్ని. ‘ల’ వినపడితే నిద్రలో కూడా లేస్తాను. రిమోట్ తీసుకుని వెనక్కి, నాలుగో ఎపిసోడ్‌కి వెళ్ళాను. మందుల షాపాయన చుక్కల మందు సీసా అందిస్తూ, నవ్వుతూ, “కల్లు మండుతున్నాయా అమ్మా” అని అడుగుతాడు. అప్పుడు కల్లు మండటమేంటని నవ్వుకున్నాను. గొంతుకి ముసుగేశారు గానీ నాలుకకి వెయ్యడం మర్చిపోయారు. కొరియాలో చూసినవాళ్ళెవరికీ ఈ ఆధారం దొరికి ఉండదు. ఇది ఒక్క మన ఆడియోలోనే ఉంది.

ఇప్పుడు క్రియ ఆడదో దెయ్యమో అంటోంది, చెవి మగవాడంటోంది. రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. అంత హాయిగా ఉన్న టెన్షన్ ఈ మధ్య ఎరగను.

మూడో రోజు యాప్ తెరిస్తే మొదటి పేజీలోనే, ఇంకా చూడని పన్నెండో ఎపిసోడ్ బొమ్మ. మందుల షాపాయన. కళ్ళు మొత్తం నలుపు, వెనక బావి. అయిపోయింది. నాలుగు వారాల నోట్‌బుక్కు ఆ ఒక్క బొమ్మతో చిత్తుకాగితమైంది. కథని అన్ని ఎపిసోడ్లు దాచడానికి అంతమంది కష్టపడ్డారు కదా, ఆ బొమ్మ ఎంచినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించరా? కస్టమర్ కేర్ చాట్‌లో రాశాను. “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండి” అని జవాబు. తీసేసి వేసుకున్నాను. ఆయన అక్కడే ఉన్నాడు, నల్లకళ్ళతో.

చివరికి తేలిందేంటంటే, ముసలమ్మ చెప్పిన ‘వచ్చింది’ షాపాయన గురించి కాదు, ఆయనలో దూరినదాని గురించి. క్రియ తప్పు కాదు, దాన్ని చూసి మనుషుల పేర్లు కొట్టేసిన నాదే తప్పు. అమహత్తు వచ్చి మహత్తులో దూరితే ఏ క్రియ వాడాలో చిన్నయసూరి చెప్పలేదు. ఉండబట్టలేక అదే సీన్ తెలుగు సబ్‌టైటిల్స్‌తో చూశాను. అందులో “మళ్ళీ వచ్చాడు” అని ఉంది! ఆడియో రాసినవాళ్ళు ఒకరు, సబ్‌టైటిల్ రాసినవాళ్ళు ఇంకొకరు అన్నమాట. ఒకరు దెయ్యం పక్షం, ఒకరు మనిషి పక్షం. రెండూ పెట్టుకుని చూసేవాళ్ళకి మూడో ఎపిసోడ్‌లోనే సగం కథ తెలిసిపోతుంది.

మిగతా ఫిర్యాదులు చిన్నవి. ఎపిసోడ్ మారినప్పుడల్లా ఆడియో హిందీకి వెళ్ళిపోతుంది, ప్రతిసారీ మార్చుకోవాలి. తెలుగు ఆడియో వారానికి రెండు ఎపిసోడ్లే వస్తుంది, ఈలోగా కొరియన్‌లో మొత్తం చూసేసిన మనవరాలు మన మొహం చూసి నవ్వుతూ తిరుగుతుంది. మా పాత టీవీలో సబ్‌టైటిల్ ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి, అది టీవీ తప్పో యాప్ తప్పో.

ఐదుకి మూడు ఇస్తున్నాను. ఆడియోకి విడిగా అయితే నాలుగిచ్చేదాన్ని, ‘నీల్లు’తో కలిపే. ఆ బొమ్మ వల్ల పోయింది. వాడేవాళ్ళు మొదటి పేజీ చూడకండి. సగంలో ఆపినవి ఉండే వరసకి కళ్ళు మూసుకున్నంత పనిచేసి వెళ్ళిపోండి.

వచ్చే నెల ప్యాకేజీ రెన్యూవల్. ఉంచమంటారా అత్తయ్యా అని అల్లుడు అడిగాడు. ఉంచమన్నాను. కొత్త సిరీస్ మొదలైంది, తోట ఉన్న పెద్ద బంగళా కథ. మొదటి ఎపిసోడ్‌లో ఐదుసార్లు ‘ఎవరో వచ్చారు’ అన్నారు, ఒక్కచోట కూడా జారలేదు. రచయిత మారినట్టున్నారు. పోర్టాయన అప్పుడే ఫోన్ చేశారు: “ఆ తోటమాలేనండి టీచర్‌గారూ. సూసారా, ఆడస్సలు నవ్వట్లేదు.”