ఎనభైలో బతికే బండి: క్లాసిక్ 350తో నాలుగేళ్ళు

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొందామనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది మైలేజీ. సిటీలో 32, హైవే మీద 37 దాకా ఇస్తోంది. ట్యాంకు 13 లీటర్లు. ఆ ముచ్చట అంతే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీకు ఏ స్పీడులో పోతే హాయిగా ఉంటుంది?

నాది 2021 సెప్టెంబర్‌లో కొత్త జె సిరీస్ ఇంజన్‌తో విడుదలైన మోడల్. స్పోక్ చక్రాలు, ముందూ వెనకా డిస్కులు, డ్యూయల్ ఛానల్ ఏబీఎస్. మీటరు నలభై వేలు దాటింది. అందులో సగం ఎల్బీనగర్ నుంచి ఆఫీసుకు తిరిగిన ట్రాఫిక్, మిగతా సగం నల్గొండ వైపు మా ఊరు, శ్రీశైలం రోడ్డు.

349 సీసీకి 20.2 బీహెచ్‌పీ, బరువేమో 195 కిలోలు. 200 సీసీ బండ్లు నడిపే కుర్రాళ్ళు ఈ లెక్క విని నవ్వుతారు. నవ్వనివ్వండి, సిగ్నల్ పడగానే మనం రెండో గేరు వేసేలోపు వాళ్ళు కనపడరు కూడా. ఈ ఇంజన్ బలమంతా కింది ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడే ఉంది. 27 ఎన్‌ఎం టార్కు, అంటే లాగే బలం, 4000 ఆర్‌పీఎంకే అందుతుంది. నాలుగో గేరులో పోతుండగా ఆటో అడ్డమొచ్చి స్పీడు తగ్గినా, గేరు మార్చే పనిలేకుండా గొణగకుండా మళ్ళీ లాక్కుపోతుంది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ వరకు రెండు మూడు గేర్లలోనే ప్రయాణం అయిపోతుంది. బరువు తెలిసేది కదులుతున్నప్పుడు కాదు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో పక్కబండ్ల మధ్య నుంచి వెనక్కి లాగేటప్పుడు. ముఖ్యంగా ర్యాంపు వైపు ముక్కు పెట్టి ఆపితే తిప్పుకోవడానికి చెమటలు పడతాయి. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లే కాబట్టి, ఐదున్నర అడుగుల మనిషికి కాళ్ళు నేలకు ఆనతాయి, అదొక్కటే ఊరట.

అసలు సుఖం 75 నుంచి 85 స్పీడు మధ్య. టాప్ గేరులో ఎనభై మీద పెట్టి వదిలేస్తే, వెనకొచ్చే లారీ నంబరు అద్దంలో చదువుకోవచ్చు. అద్దం అంత నిలకడగా ఉంటుంది. ఇంజన్లో అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్నందువల్ల వచ్చిన సుఖమిది. తొంభై దాటితే ఫుట్‌రెస్టుల్లో కొంచెం గరగర మొదలవుతుంది. వంద దాటాక యాక్సిలరేటర్ ఎంత తిప్పినా శబ్దమే పెరుగుతుంది తప్ప ముల్లు బద్ధకంగా కదులుతుంది. ఇది లోపమని నేననను, ఈ ఇంజన్ను ఆ పనికి చేయలేదు.

ఏ పనికి చేశారో తెలియాలంటే శ్రీశైలం పోయి రావాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు గనక తుక్కుగూడ మీదుగా కడ్తాల్, ఆమనగల్లు, డిండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు, అడవి పులుల అభయారణ్యం కాబట్టి. గేటు తీసేవేళకు అక్కడుండేలా బయల్దేరితే నల్లమల చల్లగా దొరుకుతుంది. అక్కడి నుంచి యాభై అరవై మించి పోవద్దు, పోలేరు కూడా. కోతులుంటాయి, మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో గేదెలూ ఉండొచ్చు. నాలుగో గేరులో ఆ స్పీడులో ఈ బండి ఎంతసేపైనా నడుస్తుంది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే ఇంజనే పట్టి ఉంచుతుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు మలుపంతా ఆక్రమించి వస్తే తప్ప బ్రేకు మీద కాలు పెట్టే అవసరం రాదు. ముందు చక్రం 19 అంగుళాలు, అందుకే గతుకుల్లో హ్యాండిల్ తొణకదు.

వెనక సీటు చిన్నది. దంపతులు కలిసి దూరాలు తిరగాలనుకుంటే షోరూంలో ఇద్దరూ ఎక్కి కూర్చుని, కాసేపు తిరిగి చూసి మరీ కొనండి. ఈ సలహా మా ఆవిడది.

ఇక స్పోకుల సంగతి. చూడ్డానికి అందం, నేనూ ఆ అందం చూసే తీసుకున్నా. స్పోకులంటే లోపల ట్యూబు ఉన్నట్టే. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, ఇంటికి చేరొచ్చు. ట్యూబు అయితే నిమిషాల్లో చతికిలబడుతుంది. హాజీపూర్ చౌరస్తా దగ్గర వెనక టైరుకు ఆ గతి పట్టింది. పంక్చర్ షాపాయన స్ప్లెండర్ చక్రాలు కళ్ళు మూసుకుని విప్పే మనిషి, దీన్ని చూసి తల గోక్కున్నాడు. సెంటర్ స్టాండ్ వేయాలి, యాక్సిల్ నట్టు వదులు చేయాలి, చైను జారవిడవాలి, డిస్కు నుంచి క్యాలిపర్ను పక్కకు తప్పించాలి, ఏబీఎస్ సెన్సర్ తీగ తెగకుండా చూసుకోవాలి. ఆయన దగ్గర 18 అంగుళాల ట్యూబులు వరసగా వేలాడుతున్నాయి, అన్నీ సన్న టైర్లవే. వెనక టైరేమో 120 వెడల్పు. చివరికి పాత ట్యూబుకే ప్యాచ్ వేశాడు, గట్టిగానే వేశాడు. అప్పట్నుంచి సీటు వెనక కట్టిన సంచిలో ఒక వెనక ట్యూబూ, యాక్సిల్ నట్టుకు పట్టే స్పానరూ నాతోపాటే తిరుగుతున్నాయి.

మా నాయినకు మాత్రం ఈ బండి బుల్లెట్ లెక్కలోకే రాదు. ఆయన నడిపింది కాస్ట్ ఐరన్ ఇంజన్‌ది, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. స్టార్ట్ చేయడమే ఒక విద్య: డికంప్రెషన్ లివర్ నొక్కి, ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్‌ను మెల్లగా దించి, లివర్ వదిలి, అప్పుడు ఒక్క తన్ను. తప్పుగా తంతే అది తిరిగి తన్నేది. "ఏందిరా, బుల్లెట్‌కు కిక్ లేకపోవుడేంది?" అని ఇప్పటికీ అంటాడు. ఆ మాటలో ఉపయోగపడేది కూడా ఉంది: కిక్ లేదు కాబట్టి బ్యాటరీ దిగిపోతే ఎక్కడున్నా ఆగిపోతారు. నెలల తరబడి కవరు కప్పి వదిలేసేవాళ్ళకు ఇది పనికొచ్చే బండి కాదు.

శబ్దం తగ్గిందని సైలెన్సర్ మార్పించేవాళ్ళున్నారు. పోలీసులు అలాంటివన్నీ గుట్టపోసి రోడ్ రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు మన నగరాల్లో చూశాం కదా. కంపెనీ సైలెన్సరే ఉంచుకోండి. పక్కింట్లో పసిపిల్లలుంటారు.

సర్వీసింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చైను శుభ్రం చేసి లూబ్ కొట్టడం మన పని, సెంటర్ స్టాండ్ ఉంది కాబట్టి పావుగంటలో అయిపోతుంది. వానాకాలం మట్టిరోడ్ల మీద తిరిగాక ఆ పావుగంటకు బద్ధకిస్తే చైనూ స్ప్రాకెట్లూ కలిపి ముందే మార్చాల్సొస్తుంది.

ధర విషయంలో 2025 సెప్టెంబర్ 22 నుంచి లెక్క మారింది. 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అది దాటిన బండ్లకు 40 శాతం అయింది. కాబట్టి ఈ 349 సీసీకీ 400 సీసీ బండ్లకూ మధ్య ఎడం పెరిగింది. అయినా సరే, విజయవాడ హైవే మీద వారం వారం 110లో పోయే అలవాటున్నవాళ్ళు ఆ తేడా పెట్టుకుని పెద్ద ఇంజన్ కొనుక్కోవడమే మంచిది. ఎనభై చాలనుకునేవాళ్ళు దీన్నే తీసుకోండి, కాకపోతే ట్యూబ్‌లెస్ టైర్లొచ్చే అల్లాయ్ చక్రాలున్నది.