జాగ్రత్త: "డ్రమ్‌సెట్ ఫీల్" అంటూ అమ్ముతున్న కస్టమ్ మార్చింగ్ స్టిక్స్

హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో (నడుస్తూ వాయించే బ్యాండ్) స్నేర్ డ్రమ్ వాయించే పిల్లలున్న తల్లిదండ్రులు, కస్టమ్ స్టిక్స్‌కి, అంటే అడిగిన కొలతలకి చేయించే డ్రమ్ కర్రలకి, డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. కార్డు బ్యాంకు దగ్గర మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా పేరు కన్నా వాళ్లు అమ్మిన పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. ఇదే మాట చెప్పి రేపు ఇంకొకరు రావచ్చు.

మాది డాలస్ దగ్గర. మా అమ్మాయి ఫుట్‌బాల్ సీజన్‌లో డ్రమ్‌లైన్‌లో (మార్చింగ్ బ్యాండ్‌లో డ్రమ్ములు వాయించే వరస) స్నేర్ వాయిస్తుంది, సీజన్ అయ్యాక జాజ్ బ్యాండ్‌లో డ్రమ్‌సెట్. ఈ రెండిటి మధ్య అటూ ఇటూ తిరిగే పిల్లలందరికీ ఉండే ఇబ్బందే దానికీ ఉంది. ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాని మీద తడబడుతుంది. డ్రమ్‌సెట్‌కి ఎక్కువమంది వాడే 5ఎ అనే నంబరు స్టిక్ 16 అంగుళాల పొడవు, సుమారు 0.565 అంగుళాల మందం. మార్చింగ్ స్టిక్ 17 అంగుళాల దాకా పొడవు, 0.7 దగ్గర మందం ఉంటుంది. మందంలో తేడా మూడున్నర మిల్లీమీటర్లు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ మందం కొంచెం పెరిగితే కర్ర చాలా పెరుగుతుంది. ఒకే రకం కర్రతో చేస్తే మార్చింగ్ స్టిక్ ఒకటిన్నర రెట్ల పైనే బరువు తూగుతుంది. మన డప్పు వాయించేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. ఒక చేతిలో సన్నటి సిటికెన పుల్ల, ఇంకో చేతిలో లావాటి సిర్ర పట్టుకుని రెండిటితో రెండు రకాల దెబ్బ తీస్తారు. అవి ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు.

అందుకే "మార్చింగ్ పొడవు, మార్చింగ్ మోత, చేతిలో మాత్రం డ్రమ్‌సెట్ ఫీల్" అన్న ప్రకటన కనబడగానే పిల్లలు ఎగిరి గంతేశారు. వీడియోలు బాగున్నాయి. చెయ్యి కొలతలు అడిగారు, ఏ గ్రిప్ (కర్ర పట్టుకునే పద్ధతి) అని అడిగారు, ట్రెడిషనల్ గ్రిప్ (ఎడమచెయ్యి తిప్పి కర్రని కిందనుంచి పట్టుకోవడం) అని చెప్తే ఎడమచేతి స్టిక్ వేరేగా చెక్కుతామన్నారు. గీసిన బొమ్మ ఒకటి పంపారు: పొడవు 17 అంగుళాలు, మందం 0.70 అంగుళాలు, హికరీ అనే గట్టి కర్ర, జత రెండూ ఒకే బరువు. మా లైన్‌లో నలుగురైదుగురి తల్లిదండ్రులం కలిసి ఆర్డర్ పెట్టాం. జత ధర మామూలు మార్చింగ్ స్టిక్స్‌కి మూడు రెట్ల పైనే. జెల్‌తో (Zelle, బ్యాంకు ఖాతాలోంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే తగ్గిస్తామన్నారు. కొందరు అలాగే పంపారు, మేం క్రెడిట్ కార్డు మీద కట్టాం. ఈ తేడా ఎంత పనిచేసిందో తర్వాత చెప్తాను.

సరుకు చెప్పిన తేదీ దాటాక చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినవాటికి ముందే తెల్లటి టేప్ చుట్టి ఉంది. డ్రమ్‌లైన్‌లో స్టిక్స్‌కి తెల్ల టేప్ చుట్టడం మామూలే. స్టేడియం మెట్ల మీద నుంచి చూసేవాళ్లకి కర్రలన్నీ ఒకేసారి లేవడం కనబడాలి, రిమ్ (డ్రమ్ అంచు) దెబ్బలకి కర్ర త్వరగా చెక్కుకుపోకూడదు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. పైగా "మీ పని తగ్గించాం" అని ఒక చీటీ కూడా పెట్టారు.

మా అమ్మాయి ఇంట్లో ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాయించి భలే ఉన్నాయంది. రబ్బరు ప్యాడ్ మీద ఏ స్టిక్ అయినా భలేగానే ఉంటుంది. అసలు డ్రమ్ మీద మొదటి రిహార్సల్‌లోనే గోల మొదలైంది. మిగతా స్నేర్ల పక్కన దీని మోత పల్చగా, టకటకమంటూ వేరేగా వినబడుతోంది. ఇన్‌స్ట్రక్టర్ విని, కర్ర చేతిలోకి తీసుకుని చూసి, లైన్‌లో ఇవి వద్దన్నారు. ఆ తర్వాత ఇంకో పిల్లాడి స్టిక్ రిమ్‌షాట్ (డ్రమ్ మధ్యనీ అంచునీ ఒకేసారి తాకే దెబ్బ) కొడుతుండగా మెడ (మొన వెనక సన్నబడే చోటు) దగ్గర విరిగి ముందుముక్క గడ్డిలోకి ఎగిరింది. ఎవరి కంటికీ తగల్లేదు.

అప్పుడు మా ఆయన టేప్ విప్పారు. అసలు కథంతా దాని కిందే ఉంది. ఒక స్టిక్‌కి చివర రెండు చుట్లు, దాని జతకి ఆరేడు చుట్లు! టేప్‌తో తూస్తే వంటింటి త్రాసు మీద రెండూ సమానం. టేప్ తీసేస్తే చెప్పుకోదగ్గ తేడా. అంటే కర్రల్లో జత కుదిరినవి ఏరకుండా, చేతికొచ్చిన రెండు తీసుకుని టేప్‌తో తూకం సరిపెట్టారు. టేప్ బరువంతా పట్టుకునే చివరే ఉంది కాబట్టి త్రాసుని మోసం చెయ్యగలిగారు గానీ చేతిని చెయ్యలేకపోయారు. ఒక స్టిక్ ముందుకి తూగుతుంది, రెండోది వెనక్కి. విరిగిన పిల్లాడి స్టిక్ మీద కర్ర గీతలు పొడవునా సాగకుండా ఏటవాలుగా పక్కకి వెళ్లిపోయాయి. విరిగింది కూడా సరిగ్గా ఆ గీత వెంటే.

మందం కొలిచే కాలిపర్ పెడితే 0.61 అంగుళాలు. బొమ్మలో 0.70.

ఈ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఇక్కడే దాక్కుంది. 0.70 నుంచి 0.61కి తగ్గితే పోయింది ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. కానీ స్టిక్‌లో ఉండే కర్ర దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. వంగకుండా నిలిచే బలం ఇంకా దారుణంగా, 40 శాతం పైగా పడిపోతుంది, ఎందుకంటే అది మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. అంటే వాళ్లు డ్రమ్‌సెట్ ఫీల్‌ని డిజైన్ చెయ్యలేదు. డ్రమ్‌సెట్ స్టిక్‌నే ఒక అంగుళం పొడుగ్గా చెక్కి పంపారు.

డ్రమ్‌సెట్ మీద దానితో ఇబ్బంది లేదు. అక్కడ ప్లాస్టిక్ హెడ్ (దెబ్బ పడే పైపొర), ఓ మోస్తరు బిగువు, దెబ్బ తగిలితే కాస్త లోపలికి దిగి తీసుకుంటుంది. ఇప్పటి మార్చింగ్ స్నేర్ వేరు. మామూలుగా 14 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు, పైన కెవ్లార్ లాంటి నేతతో చేసిన హెడ్. కెవ్లార్ అంటే బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే దారమే, 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టింది. దాన్ని బల్లలా బిగిస్తారు. అది దెబ్బని మింగదు, తిరిగి చేతిలోకి కొడుతుంది. దాంట్లోంచి మోత రావాలంటే స్టిక్ ముందుభాగంలో తగినంత కర్ర ఉండాలి. అది లేకపోతే పిల్లలు మోత కోసం ఇంకా గట్టిగా కొడతారు, కర్ర జారకుండా ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంటారు. మా అమ్మాయి ఆ వారమంతా మణికట్టు నొప్పి అంది. పాత స్టిక్స్‌కి మారాక తగ్గింది.

అలాగని మార్చింగ్ స్టిక్‌లో డ్రమ్‌సెట్ హాయి తేవడం కుదరని పని కాదు. పేరున్న కంపెనీల మార్చింగ్ స్టిక్స్‌లోనే బరువువీ తేలికవీ, ముందుకి తూగేవీ వెనక్కి తూగేవీ ఉన్నాయి. నిజంగా డిజైన్ చేసేవాళ్లు కర్రంతా సన్నబరచరు. చెయ్యి పట్టుకునే చోట మాత్రం కాస్త తగ్గిస్తారు, భుజం (మెడ మొదలయ్యే చోటు) దగ్గర మందం అలాగే ఉంచుతారు, రిమ్ తగిలేది అక్కడ కాబట్టి. లేదా మెడవైపు సన్నబడే వాలుని కొంచెం వెనక నుంచి మొదలుపెడతారు. అప్పుడు కర్రకి కాస్త ఊపు వస్తుంది, తూగే చోటు చేతివైపు జరుగుతుంది, డ్రమ్‌సెట్‌కి అలవాటైన చేతికి హాయిగా ఉంటుంది. మొన చిన్నది చేస్తే దెబ్బలు విడివిడిగా వినబడతాయి, పెద్దది చేస్తే మోత నిండుగా వస్తుంది. వీటిలో ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది. వాలు పొడుగైతే రిమ్‌షాట్‌కి మెడ బలహీనం, పట్టు మరీ సన్నమైతే స్టిక్ ముందుకి లాగుతుంది. చేసేవాడు ఈ ఖరీదు గురించి తనంతట తను మాట్లాడాలి. "ఏమీ పోకుండా అన్నీ వస్తాయి" అన్నాడంటే నేనైతే అక్కడే ఆగిపోతాను.

మా అమ్మకందారు జవాబులు వరసగా ఇవి. మొదట, ఫీల్ అనేది ఎవరికి వాళ్లది, మేం ఏం చెయ్యగలం అన్నారు. కాలిపర్ ఫొటో పంపితే, కర్ర తేమ పోయి కుదించుకుపోయి ఉంటుందన్నారు. టెక్సస్ ఎండకి కర్ర కొంచెం కుదించుకోవడం నిజమే గానీ 0.70 కర్ర 0.61కి కుదించుకుపోతే దాన్ని హికరీ అనరు, పచ్చి వంకాయ అంటారు. తర్వాత, పేరు చెక్కిన కస్టమ్ సరుకు కాబట్టి వాపసు లేదన్నారు. ఆఖర్న, విరిగింది కెవ్లార్ మీద వాడినందుకే అన్నారు. మార్చింగ్ స్టిక్‌ని ఇంక దేనిమీద వాడాలో మాత్రం చెప్పలేదు!

డబ్బు సంగతి. క్రెడిట్ కార్డు మీద కట్టినవాళ్లం బిల్లింగ్ డిస్ప్యూట్ (బిల్లు మీద ఫిర్యాదు) వేశాం. అమెరికా చట్టం ప్రకారం ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. సరుకు ఆలస్యం చేసేవాళ్లతో ఈ గడువు చాలా తొందరగా కరిగిపోతుంది, కాబట్టి "వచ్చే వారం పంపుతాం" అన్న మెయిల్స్‌ని నమ్ముకుని కూర్చోకండి. ఇంకోటి: ఆన్‌లైన్ అమ్మకందారు తేదీ చెప్తే ఆ తేదీలోపు, ఏ తేదీ చెప్పకపోతే 30 రోజుల్లోపు సరుకు పంపాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఉంది. పంపలేకపోతే ఆ సంగతి తెలియజేసి, వద్దనుకుంటే డబ్బు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వాలి. మాకు అలాంటిదేం ఇవ్వలేదు, ఆ మెయిల్స్ అన్నీ ఫిర్యాదుకి జతచేశాం. జెల్‌లో పంపినవాళ్ల పరిస్థితి వేరు. మీరే ఒప్పుకుని పంపిన డబ్బు కాబట్టి సరుకు బాగాలేదంటే బ్యాంకు పట్టించుకోదు. వాళ్లకి ఇంతవరకు పైసా రాలేదు. ముక్కూ మొహం తెలియని అమ్మకందారు జెల్ అయితే తగ్గిస్తానన్నాడంటే, ఆ తగ్గింపు దేనికో అర్థం చేసుకోండి.

కొనాలనుకునేవాళ్లు ముందు పిల్లల ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. లైన్ మొత్తం ఒకే మోడల్ స్టిక్ వాడాలన్నది చాలా స్కూళ్లలో నియమం, ఒకే మోత రావాలి కాబట్టి. సొంత స్టిక్‌కి ఒప్పుకోకపోతే అసలు ఈ ఖర్చే వద్దు. ఒప్పుకుంటే, పొడవు, మందం, గ్రాముల్లో బరువు, జతలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు, కర్ర పేరు, అన్నీ ఇన్‌వాయిస్ మీద రాసివ్వమనండి. 5ఎ, 3ఎస్ లాంటి నంబర్లని నమ్మొద్దు. ఎస్ అంటే పాతకాలం లెక్కలో స్ట్రీట్, అంటే ఊరేగింపు బ్యాండ్‌కి అని, అంతే. అందరూ పాటించాల్సిన కొలత ఏదీ లేదు. పేరున్న కంపెనీల్లోనే ఒకరి 5ఎ 0.565 అయితే ఇంకొకరిది 0.551.

సరుకు చేతికొచ్చాక టేప్ ఉంటే విప్పెయ్యండి, మొహమాటం అక్కర్లేదు. ఒక్కోటి విడిగా తూయండి. గాజు బల్ల మీద దొర్లించండి, వంకర ఉంటే మొన ఎగిరెగిరి పడుతూ కనబడుతుంది. కర్ర గీతలు చివరనుంచి మొన దాకా తిన్నగా సాగాయో లేదో వెలుతురులో చూడండి. తర్వాత ఒక్కో స్టిక్‌ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని గట్టి నేల మీద తట్టి వినండి. మంచి జత ఒకే శ్రుతి పలుకుతుంది, మా జతలో ఒకటి టంగుమంటే ఇంకోటి టొక్కుమంది. ఇవన్నీ చేసేటప్పుడు ఫొటోలు తీసుకోండి, డ్రమ్ మీద ఒక్క దెబ్బ కూడా పడకముందే. వాడిన సరుకు అనే సాకు వాళ్లకి దొరకకూడదు.

మా అమ్మాయి ఇప్పుడు స్కూల్ వాళ్లిచ్చిన మామూలు మార్చింగ్ స్టిక్స్‌తో వాయిస్తోంది, జాజ్ బ్యాండ్‌కి 5ఎ విడిగా ఉంది. ఈ మధ్య ఇలా "డ్రమ్‌సెట్ ఫీల్" అని ముందే టేప్ చుట్టిన స్టిక్స్ మీకు కూడా వచ్చి ఉంటే, ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తేదీ చూసుకుని ఫిర్యాదు వెయ్యండి. టేప్ విప్పక ముందొకటి, విప్పాక ఒకటి త్రాసు మీద పెట్టి ఫొటో తీయండి. బ్యాంకు వాళ్లు మమ్మల్ని మొదట అడిగింది అదే.