లావా ల్యాంపుకు ఏ బల్బు మేలు?

మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తూ సూట్‌కేసులో స్వెట్టర్ల మధ్య చుట్టి ఒక లావా ల్యాంపు తెచ్చాడు, వెలిగిస్తే లోపలి మైనం ముద్దలుగా పైకీ కిందికీ తేలే సీసా దీపం. 14.5 అంగుళాల ఎత్తు, ఊదా రంగు నీళ్లు, అడుగున పసుపు మైనం. మన మల్టీ సాకెట్లలో అమెరికా చపటా పిన్నులు కూడా దూరతాయి కదా, పెట్టి స్విచ్ వేశాడు. కళ్లు చెదిరే తెల్లటి వెలుగు ఒక్క క్షణం, ఫట్‌మని చప్పుడు, అంతే. "అయ్యో మామయ్యా, ఇది 120 వోల్టులది!" అని తల పట్టుకున్నాడు. మన గోడలోంచి వచ్చేది 230. 25 వాట్ల బల్బు మీద ఆ క్షణంలో దాదాపు మూడింతల వాట్లు పడ్డాయన్నమాట.

పోయింది బల్బే, సీసా బాగానే ఉంది. ల్యాంపు అంటే ఒక వైరు, ఒక స్విచ్, ఒక హోల్డర్, అంతకుమించి ఏమీ లేదు. 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే ఏదీ మార్చనక్కర్లేదు. కానీ దీపం పక్కన ఇటుకంత డబ్బా ఎప్పుడూ ఉండాలి, పైగా బల్బు పోయినప్పుడల్లా అమెరికా నుంచి తెప్పించుకోవాలి. దాని హోల్డర్ ఈ17, అంటే మరచుట్టు వ్యాసం 17 మిల్లీమీటర్లు. ఆ సైజు మన దుకాణాల్లో అడిగితే మొహం వంక వింతగా చూస్తారు. అందుకే మా ఎలక్ట్రీషియన్‌తో పాత వైరు, స్విచ్ తీయించి, 230 వోల్టులకు సరిపడేవి వేయించాను. పీఠం లోహంది కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఎర్త్ కలిపించాను. హోల్డర్ ఈ14, అది కూడా పింగాణీది. ప్లాస్టిక్‌ది అయితే ఆ వేడికి కొన్నాళ్లకే పెళుసెక్కి రాలిపోతుంది.

ఇక ఏ బల్బు పెట్టాలన్నదే మిగిలింది. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఒక షాపులో అడిగితే, "ఇంకా ఫిలమెంటు ఎవరు వాడుతున్నరన్నా, ఈ 3 వాట్ల ఎల్‌ఈడీ తీస్కపో, రెండేండ్ల గ్యారంటీ" అన్నాడు. తీసుకున్నాను. ఇంటికొచ్చి వెలిగిస్తే నీళ్లు నిగనిగలాడుతున్నాయి, సీసా చూడముచ్చటగా ఉంది. మైనం మాత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నెయ్యిలా తెల్లారేదాకా కదలకుండా కూర్చుంది.

తప్పు షాపతనిది కాదు. నేను దీపానికి బల్బు అడిగాను, అతను దీపానికి ఇచ్చాడు. లావా ల్యాంపులో బల్బు చేసేది పొయ్యి పని. చల్లగా ఉన్నప్పుడు మైనం నీళ్లకంటే పిసరంత బరువు. కింద వేడి తగిలితే కరిగి, వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది. పైన చల్లబడి మళ్లీ దిగుతుంది. అడుగున ఉండే తీగచుట్ట చిన్న చిన్న ముద్దలను తిరిగి ఒకటిగా కలుపుతుంది. 1963లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ ఈ ల్యాంపును ఆస్ట్రో పేరుతో అమ్మకానికి పెట్టేనాటికి ఇళ్లలో వాడేది ఫిలమెంటు బల్బే. అది తాగే కరెంటులో వెలుగయ్యేది పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. వంటింట్లో అది వృథా, లావా ల్యాంపుకు అదే తిండి. మేడ్చల్ వైపు కోళ్ల షెడ్లు చూసినవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం ఫిలమెంటు బల్బులు వేలాడదీస్తారు, అక్కడ ఎల్‌ఈడీ పెడితే పిల్లలు వెలుగులో వణుకుతాయి.

అయితే ఎల్‌ఈడీలోనే 25 వాట్లది పెడితే? ఆ వేడి ముందుకు రాదు, వెనక మెడ దగ్గర పుడుతుంది. గాలాడని పీఠంలో దాని డ్రైవరే, అంటే లోపలి సర్క్యూటే, ముందు మాడుతుంది, ఇటు గదంతా ఫ్లడ్‌లైట్ వేసినట్టు ఉంటుంది. కరెంటు ఆదా మాటా చూద్దాం: 25 వాట్ల బల్బు రోజుకు 8 గంటలు వెలిగితే ఐదు రోజులకు ఒక యూనిట్, నెలకు ఆరు. ఈ ఆరు యూనిట్లు మిగుల్చుకోవడానికి లావా లేని లావా ల్యాంపు దేనికి? కాబట్టి ఎల్‌ఈడీ గురించి ఇక మాట్లాడను.

అసలు పోటీ 15 వాట్లకూ 25 వాట్లకూ మధ్యే. ఈ ఎత్తు ల్యాంపుకు తయారీదారు చెప్పింది 25. పీఠం అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, చింపేయకండి. అమెరికాలో ఇదే బ్రాండులో పెద్ద సీసాలకు 40, బాగా పెద్దవాటికి 100 వాట్లు కూడా ఉన్నాయి. కానీ ఈ లెక్కలన్నీ 20, 24 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులకు అది సరిగ్గా సరిపోతుంది. ఏసీ గదిలోనూ అంతే, గాలి నేరుగా సీసాకు కొట్టకూడదు గానీ. మే నెలలో ఏసీ లేని హాల్లో, గది 37 డిగ్రీలున్నప్పుడు, అదే 25 వాట్లు మైనాన్ని ఉడకబెడుతుంది.

ఎండాకాలం నేను 15 వాట్లది పెడతాను. ఉప్పు రాయి దీపాలకు వాడే ఈ14 బల్బు, ఫ్రిజ్‌లో ఉండే బల్బు రెండూ ఆ కోవలోవే. కదలిక నెమ్మదిగా ఉంటుంది, మొదటి ముద్ద లేవడానికి మూడు గంటలు పట్టిన రోజులున్నాయి. అయినా బాగుంటుంది, ఒక్కో ముద్ద తీరిగ్గా లేచి తీరిగ్గా దిగుతుంది. చలికాలంలో ఈ 15 పనికిరాదు. మైనం కొమ్ములా కాస్త సాగి అక్కడే ఆగిపోతుంది. జీరో బల్బు వాడొచ్చా అని మా పక్కింటాయన అడిగారు. అది పేరుకే జీరో, 15 వాట్ల దాకా లాగుతుంది. వాడలేనిది వేడి లేక కాదు. దాని తల బీ22, పిన్నులది, ఈ మరచుట్టు హోల్డర్‌లో కూర్చోదు. రంగు పూత ఉన్నదైతే మైనం రంగు కూడా చెడగొడుతుంది.

ఏది సరిపోయిందో చెప్పడానికి థర్మామీటర్ అక్కర్లేదు. కోళ్ల షెడ్డువాళ్లు పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరితే చలి అనీ, దూరంగా చెదిరిపోతే వేడెక్కువ అనీ చూసే చెబుతారు. మైనమూ అంతే. అడుగునే పేరుకుంటే వేడి చాలలేదు. పైకెక్కి దిగిరాకపోయినా, గోలీల్లా చిన్న చిన్న ఉండలైపోయినా వేడెక్కువ. ఒకసారి 25 అయిపోయిందని ఇంట్లో ఉన్న 40 వాట్ల క్యాండిల్ బల్బు పెట్టాను, అది నా బుద్ధి తక్కువ పని. రెండు గంటలకల్లా పైన ద్రాక్షగుత్తి తయారైంది. ఆర్పేసి, పూర్తిగా చల్లారనిచ్చాక మళ్లీ దారికొచ్చింది. వేడిమీద ఉన్నప్పుడు సీసాను కదిపితే మాత్రం నీళ్లు మబ్బుపడతాయి, ఆ మబ్బు ఓ పట్టాన వదలదు.

వాట్లు తేలాక ఆకారం. ఇక్కడ గెలిచేది ఆర్39, అంటే 39 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రిఫ్లెక్టర్ బల్బు. లోపల పక్కలకు వెండి పూత ఉండటంతో వెలుగు, వేడి రెండూ సూటిగా సీసా అడుగుకే పోతాయి. ఇంగ్లండ్, యూరప్ చిన్న ల్యాంపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మాకు ట్రూప్ బజార్‌లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాలి. రెండో స్థానం ఓవెన్ బల్బుకు: 25 వాట్లు, ఈ14, పారదర్శకమైన గాజు. 300 డిగ్రీలు తట్టుకునేలా చేసింది కాబట్టి పీఠంలో వేడిని లెక్కచేయదు. ఎలక్ట్రికల్ షాపు కంటే ఓవెన్లు రిపేరు చేసేవాళ్ల దగ్గర అడగండి. వేడిలో కొంత పక్కలకు పోతుంది, పీఠం కాస్త ఎక్కువ కాలుతుంది, అంతే తేడా. ఏది పెట్టినా బల్బు తలకూ సీసా అడుగుకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. తగిలితే ఆ ఒక్కచోటే వేడి పడి గాజు చిట్లవచ్చు.

హాలోజన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వేడి బాగా ఇస్తుంది, చిన్నగా ఉంటుంది, కానీ ఒక మెలిక ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 40 అనీ, కింద చిన్నగా 28 అనీ ఉంటుంది. మొదటిది వెలుగు పోలిక, నిజంగా తాగేది 28. లావా ల్యాంపుకు ఆ చిన్న అంకెనే చూడాలి. జీయూ10 హోల్డర్‌తో (బల్బు రెండు పొట్టి కాళ్లు దూర్చి తిప్పే రకం) వచ్చిన ల్యాంపైతే ఎలాగూ హాలోజనే గతి. క్యాండిల్ వార్మర్లకు అమ్మే బల్బు అందులోకి సరిపోతుంది, వాట్లు కలవాలి గానీ. డిమ్మర్ పెట్టుకుంటే 25 వాట్ల బల్బుతోనే ఎండాకాలం గడపొచ్చు, నిజానికి మాటిమాటికీ బల్బు మార్చడం కంటే అది సుఖం. కాకపోతే కనీసం ఎన్ని వాట్ల లోడు కావాలో డిమ్మర్ మీద చూసి కొనండి. మనది అంతకంటే తక్కువైతే బల్బు మిణుకుమిణుకుమంటుంది. అమెరికా ల్యాంపుతో వచ్చిన డిమ్మర్‌ను ఇక్కడ వాడొద్దు.

అమెరికాలోనే ఉన్నవాళ్లకు ఇంత తంటా లేదు. 2023 ఆగస్టు నుంచి మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం అక్కడ ఆగిపోయినా, ఓవెన్, ఫ్రిజ్ లాంటి వాటిలో వాడే అప్లయన్స్ బల్బులను ఆ నిబంధన నుంచి తప్పించారు. 40 వాట్ల ల్యాంపుకు వాడేది ఆ అప్లయన్స్ బల్బే, ఏ15 ఆకారంలోది. మా మేనల్లుడి ల్యాంపులాంటి వాటికి ఎస్11 ఆకారం, 25 వాట్లు, ఈ17 అని అడగాలి. బల్బు దొరకలేదని సీసాను ఇంకోలా వేడిచేయడం మాత్రం వద్దు. 2004లో వాషింగ్టన్ రాష్ట్రంలోని కెంట్‌లో ఒక యువకుడు లావా ల్యాంపును వంటింటి స్టవ్ మీద పెడితే సీసా పేలి, గాజు ముక్క గుండెలో దిగి చనిపోయాడు.

మా ఇంట్లో ఇప్పుడు ఓవెన్ బల్బు వెలుగుతోంది. ఫిలమెంటు ఆయుష్షు సుమారు వెయ్యి గంటలు, రోజుకు 8 గంటల చొప్పున నాలుగు నెలలు. అందుకని నాలుగు ఒకేసారి కొని టీవీ స్టాండు సొరుగులో పెట్టాను, పక్కనే ఎండాకాలానికి రెండు 15 వాట్లవి. 3 వాట్ల ఎల్‌ఈడీ దేవుడి గదిలో వెలుగుతోంది, దాని గ్యారంటీ ఇంకా అయిపోలేదు.